'కాన్సర్ వార్డ్'లో మాట్లాడని మంచాలు

సోల్జెనిత్సిన్ రాసిన 'కాన్సర్ వార్డ్' నవల గురించి చెప్పేటప్పుడు విమర్శకులు ఎక్కువగా స్టాలిన్ కాలం గురించి, నిర్బంధ శిబిరాల గురించి మాట్లాడతారు. ఆ ఆసుపత్రిని ఒక దేశానికి ప్రతీకగా చూడమంటారు. మేము మాత్రం దాన్ని మొదట ఆసుపత్రిగానే చదివాం. ఏజెన్సీ ఊళ్ల నుంచి పట్నం పెద్దాసుపత్రికి కీమో కోసం మనిషిని తీసుకెళ్లి వచ్చినవాళ్లం మేము. మంచం దొరక్క నేల మీద పడుకోవడం అంటే ఏమిటో మాకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

కథ జరిగేది 1955లో, మధ్య ఆసియా నగరంలో. రచయిత తానే అంతకు ముందు ఏడాది తాష్కెంట్‌లో కాన్సర్‌కు చికిత్స పొందాడు. సోవియట్ దేశంలో అచ్చుకు అనుమతి రాలేదు. 1968లో బయటి దేశాల్లో వచ్చింది. ప్రవాసశిక్షలో ఉన్న కోస్తొగ్లోతోవ్ ఆసుపత్రికి చేరేసరికి మంచం ఉండదు, నేల మీద పడుకుంటాడు. మెట్ల దగ్గర ఖాళీలో కూడా రోగుల్ని ఉంచుతారు. ఇంకో రోగి రుసానోవ్ అధికారి. మెడ మీద గడ్డతో వస్తాడు. అతనికి ఇచ్చేది ఎంబిఖిన్ సూదిమందు, తొలినాళ్ల కీమో మందుల్లో ఒకటి.

ఆ వార్డు ఎంత అధ్వానంగా ఉందో మనకు ఎక్కువగా తెలిసేది ఈ రుసానోవ్ కళ్ల నుంచే. మరుగుదొడ్డి చూసి అతనికి రోత పుడుతుంది. మామూలు జనంతో ఒకే గదిలో పడుకోవడం అవమానంగా తోస్తుంది. మాస్కోకు పోతే బాగుండుననుకుంటాడు. ఇంతకంటే మంచి ఆసుపత్రి తనకు దక్కాలని తెలిసినవాడు కాబట్టి ఫిర్యాదు చేయగలుగుతున్నాడు. అదే గదిలో ముర్సలీమోవ్ అనే ఉజ్బెక్ ముసలాయన ఉన్నాడు. ఎగెన్‌బెర్దియెవ్ అనే కజక్ పశువుల కాపరి ఉన్నాడు. ఆసుపత్రి కట్టిన నేల వాళ్లది. వాళ్లకు రష్యన్ అంతగా రాదు. నవల పొడవునా దాదాపు మౌనంగానే ఉంటారు. వాళ్ల మాటను రష్యన్‌లో చెప్పగలిగిన అహ్మద్‌జాన్ అనే ఉజ్బెక్ యువకుడు చివరకు శిబిరం కాపలావాడని తేలుతుంది. మనవాళ్లలో చదువుకున్నవాడు ఎవరి పక్కన నిలబడతాడు అని మేము రోజూ పడే గొడవ అక్కడ కనిపించి కాసేపు పుస్తకం మూసేశాం.

రచయితను తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. అతను ఎవరినీ రాక్షసుల్ని చేయలేదు. డాక్టర్ దొంత్సోవా వేరేవాళ్ల కాన్సర్లు చూస్తూ చూస్తూ తనే రోగి అవుతుంది. రాత్రిపూట నేల తుడిచే ఆయా చదువుకున్న మనిషి, ఆమె కూడా ప్రవాసశిక్షలో ఉన్నదే. ఇంత చూసినవాడు కూడా ఆ కాపరి మంచం దగ్గర ఎక్కువసేపు కూర్చోలేదు. మౌనాన్ని చూపించాడు, దాని లోపలికి పోలేదు.

ఆ లోపల ఏముంటుందో మాకు తెలిసిన ఒక సంగతి చెబుతాం. మా గూడెం పెద్దమ్మ ఒకామెకు రొమ్ము కాన్సర్. 21 రోజులకోసారి మందు ఎక్కిస్తారు. ఒకటి ఎర్రమందు, డాక్సోరుబిసిన్. రెండోది సైక్లోఫాస్ఫమైడ్. ఈ రెండో మందు మూత్రాశయాన్ని కాలుస్తుంది. అందుకే నీళ్లు బాగా తాగాలి, మాటిమాటికీ మూత్రానికి వెళ్లాలి. లేకపోతే నెత్తురు పడే ప్రమాదం ఉంది. నీళ్లు తాగమని డాక్టర్ చెప్పాడు, నర్సు చెప్పింది. పెద్దమ్మ తాగలేదు. "భాష అర్థం కాదేమో" అన్నారు. "అడవి మనుషులు, చెప్పినా వినరు" అని కూడా అన్నారు. ఎవరూ ఆమెనే అడగలేదు.

తోడు వెళ్లిన చెల్లెలి కూతురు మూడో విడతలో అడిగింది. "తాగితే దొడ్డికి పోవాలిగా బిడ్డా. ఆ గదిలో కాలు పెట్టేటట్టుందా?" అంది పెద్దమ్మ. ఒక మంచం మీద ముగ్గురు కూర్చుని సెలైన్ ఎక్కించుకునే వార్డు అది. అంతమందికీ ఉన్న మరుగుదొడ్లలో ఒకటి పొంగి ఉంది, రెండోదానికి గడియ లేదు. సెలైన్ సీసా చేత్తో పైకెత్తి పట్టుకుని, ఆడమనిషి అక్కడ ఎలా కూర్చుంటుంది? కొండవాగు పక్కన పుట్టి పెరిగిన మనిషి నాలుక ఎండిపోతున్నా గుక్కెడు నీళ్లకు భయపడింది. ఎర్రమందు ఎక్కిన తరువాత ఒకటి రెండు రోజులు మూత్రం ఎర్రగా రావడం మామూలే. అదీ ముందు చెప్పలేదు. నెత్తురనుకుని ఇంటికొచ్చి ఏడ్చింది.

మురికి ఆసుపత్రిని చాలామంది అసౌకర్యం అంటారు. ఆ మాట మాకు నచ్చదు. కీమో తరువాత సుమారు 7 నుంచి 14 రోజుల మధ్య తెల్లకణాలు బాగా పడిపోతాయి. అప్పుడు 100.4 డిగ్రీల జ్వరం వచ్చినా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్ దాదాపు 300 కిలోమీటర్లు. ఆ పైన ఊరి నుంచి రోడ్డు దాకా నడక వేరే. ఒంట్లో కాపలా లేని మనిషిని పొంగిన దొడ్లోకి పంపితే మందు చేసిన మేలు అక్కడే పోవచ్చు. ఆరోగ్యశ్రీ కార్డు మందు ఖర్చు చూస్తుంది, కాదనం. తోడు వెళ్లినామె పోగొట్టుకున్న కూలి మాత్రం ఏ కార్డులోనూ లేదు.

"మీవాళ్లు బాగా సర్దుకుంటారు" అని అక్కడ ఒకామె మెచ్చుకోలుగా అంది. సర్దుకోవడం కాదు. నోరెత్తితే పంపించేస్తారేమోనన్న భయం. ఎగెన్‌బెర్దియెవ్ మౌనంలో కూడా ఇది కొంత ఉండి ఉంటుందని మా ఊహ.

మన కథల్లో రోగులు ఉన్నారు. జ్వరంతో, డోలీలో, దారిలోనే పోయేవాళ్లు ఉన్నారు. ఆసుపత్రి చేరి, మంచం అంచున కూర్చుని, నీళ్ల సీసాను చూస్తూ తాగకుండా ఉన్నవాళ్లు ఇంకా రాలేదు. ఈ నవలను పిల్లలకు చెప్పే టీచర్లు ఆ కాపరి దగ్గర కాసేపు ఆగితే బాగుంటుంది. అతను ఏమి అడగాలనుకుని అడగలేదో పిల్లలు తమ భాషలోనే రాస్తారు. గోండిలోనో, కోయలోనో, కువిలోనో.

పెద్దమ్మకు ఇంకొక విడత ఉంది. ఈసారి చెల్లెలి కూతురు సంచిలో రిపోర్టులతో పాటు ఫినాయిల్ సీసా, చీపురు, గడియకు బదులు కట్టడానికి ఒక తాడు పెట్టుకుంది.