బోరింగు లేని అర్జీ

సముద్రపుటొడ్డున గల పట్టపుపాళెముల పిల్లలకు తెలుగు చెప్పుచు కాలము వెళ్ళబుచ్చిన నావంటి అయ్యవారికి, పరీక్షాపత్రములో ఏటేట దర్శనమిచ్చెడి లేఖారచన ప్రశ్నయంతటి నిర్జీవమైన వస్తువు మరియొకటి కనబడదు. చేయని విహారయాత్రను గూర్చి, లేని మిత్రునికి, అబద్ధపు చిరునామాతో విద్యార్థి జాబు వ్రాయును. అది ఎవరికిని చేరదు, ఎవరును బదులీయరు. తేదీయు సంతకమును ఉండవలసినచోట నున్నచో మార్కులు మాత్రము పడును.

ఈ తంతుకు విసిగి, వీధిలో చెడిపోయిన బోరింగును గూర్చి పంచాయతీ కార్యదర్శికి నిజముగనే అర్జీ వ్రాయుడని తొమ్మిదవ తరగతివారితో అంటిని. ఒక బాలిక తెచ్చిన కాగితమున "మహారాజశ్రీ" మొదలుకొని, జలమే జీవాధారమనియు, జలము లేనిదే జగము లేదనియు ఘనమైన పీఠిక కలదు. అక్షరదోషము ఒక్కటియు లేదు. ఆ బోరింగు ఎక్కడ నున్నదో, ఎన్నడు చెడినదో మాత్రము లేదు.

"బాగుచేసేవాడు ఏ వీధికి రావాలమ్మా?" అని అడిగితిని.

"గుడికాడ బోరింగంటే అందరికీ తెలుసు గదయ్యోరా!"

అందరికిని అనగా పాళెమువారికి. కార్యదర్శి పొరుగూరినుండి వచ్చిపోవువాడు. వినువాడు ఎరిగినదెంత, ఎరుగనిదెంత యను విచారణ లేని రచన ఎంత నిర్దుష్టమైనను తనలో తాను గొణుగుకొన్నట్లే యుండును.

ఈ విషయమున మా జిల్లాకు పరదేశపు పాఠములు అక్కరలేదు. 1990ల తొలినాళ్ళలో అక్షరాస్యతా ఉద్యమము జరుగుచున్నప్పుడు, రాత్రిబడుల వాచకములలో "సీతమ్మ కథ" అను పాఠముండెను. సారా వలన కూలిన సంసారమును చెప్పెడి ఆ పాఠము కలిగిరి ప్రాంతపు దూబగుంటలో పగలెల్ల కూలి చేసి వచ్చి పలక పట్టిన స్త్రీలకు తమ యింటి ముచ్చటగనే తోచినది. వారు కూడబలుకుకొని ఊరి సారా దుకాణమును మూయించిరి. వారిలో ముందు నిలిచిన రోశమ్మ పేరు రాష్ట్రమంతట మారుమ్రోగినది. జిల్లాలో సారా వేలముపాటలను స్త్రీలు అడ్డగించిరి. తుదకు 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమున సారా నిషేధింపబడినది. ఆ పాఠము వ్రాసినవారికి తమ పాఠకురాలెవరో తెలియును. మన వాచకకర్తలలో ఎందరికి తెలియునో చెప్పజాలను.

పాళెములో ఇట్టి రచనకు అవసరము వెదకుకొనుచు పోనక్కరలేదు. కృష్ణపట్నం రేవులో మూడవ నంబరు హెచ్చరిక ఎగురవేసిన దినమున, వాయుగుండము, అక్షాంశములు, గాలివేగము నిండిన ప్రకటనను పిల్లలచేత చదివించి, దానిని చాటింపుగా మార్చుడందును. 1984 నవంబరులో శ్రీహరికోట దగ్గర తీరము దాటిన తుఫానును చూచిన ముసలివారికి అది అర్థము కావలెను. "ఈ రాత్రి ఎవురూ వేటకు పోవద్దు. పడవలు మెట్టకు లాగండి. వలలు ఇండ్లకు చేర్చండి" అని ఒకడు వ్రాసెను. "ఎవురూ" అను మాటను పండితులు ఆక్షేపింతురు, నేను దిద్దలేదు. అర్జీలో దిద్దియుందును, చాటింపులో దిద్దను.

వేరొకడు తన కాగితము చివర, మరల కబురు ఎప్పుడు చెప్పుదురో అదియు చేర్చెను. ప్రకటనలో అది లేదు, నేనును చెప్పియుండలేదు. వాని తండ్రి అప్పటికి వేటలో నున్నాడు. ఇప్పుడు మా తరగతిలో ఆ వాక్యము లేని చాటింపును పిల్లలే ఒప్పుకొనరు.