ఉదకమండలమున వంశచరిత్రాన్వేషణము

పూర్వుల చరిత్రను వెదకి వ్రాసికొను నభిలాష మన విద్యావంతుల గృహములందు నానాటికి హెచ్చుచున్నది. ఇది మెచ్చదగిన యభిలాషయే. కాని యట్టి గ్రంథములను జదివినప్పుడెల్ల మాకొక సందేహము కలుగుచుండును: ఇవి చరిత్రలా, ప్రశస్తులా? కాగితములందు దొరకినవారిని జేర్చి, దొరకనివారిని మఱచి, దొరకియు సిగ్గు కలిగించువారిని తొలగించి కూర్చిన వంశవృక్షము సత్యమును ఎంతవఱకు చెప్పగలదు? ఈ ప్రశ్నను పరీక్షించుటకు మేము నీలగిరులందలి ఉదకమండలమును ఎన్నుకొంటిమి. మన కోస్తా, రాయలసీమ జిల్లాలు 1953 వఱకు మదరాసు పాలనలో నుండినవి. ఆంగ్లేయుల యేలుబడిలో ఆ ప్రభుత్వమునకు వేసవి రాజధాని యీ పట్టణమే. అచ్చట వ్రాతసాక్ష్యము సమృద్ధిగా నున్నది. ఆ వ్రాతకెక్కనివారును సమృద్ధిగానే యుండిరి. కావున సాక్ష్యమును తూచుటకు ఇంతకంటె తగిన తావు అరుదు.

కోయంబత్తూరు కలెక్టరగు జాన్ సలివన్ 1819లో ఈ కొండలకు వచ్చి, తరువాత నచ్చట రాతియిల్లు కట్టించెను. ఎకరమునకు రూపాయి చొప్పున తోడవారినుండి నేలను సంపాదించెను. 1830లో ప్రతిష్ఠింపబడిన సెయింటు స్టీఫెన్సు దేవాలయమునకు శ్రీరంగపట్టణమునందలి టిప్పుసుల్తాను భవనపు దూలములను దెచ్చి వాడిరి. సలివను భార్యయు, కుమార్తెయు ఆ దేవాలయపు శ్మశానవాటికలోనే విశ్రమించియున్నారు. వంశాన్వేషకుడు మొదట చేరునది యిట్టి సమాధుల నడుమకే. పేరు, వయస్సు, మరణదినము, బంధుత్వము రాతిపై చెక్కబడియుండును. సందేహమున కచ్చట చోటు లేనట్లే తోచును.

అయినను రాతికి కూలి చెల్లింపగలవారే రాతిపై నిలిచిరి. మదరాసు రాజధానిలోని సమాధిలేఖనములను జూలియన్ జేమ్సు కాటన్ 1905లో గ్రంథముగా ప్రకటించెను. అది పరిశోధకులకు మహోపకారి. కాని చారిత్రకముగా ముఖ్యమైన లేఖనములను మాత్రమే కూర్చితినని దాని పేరే చెప్పుచున్నది. చరిత్రకు ముఖ్యులెవరో నిర్ణయించినది సమాధులలోనివారు గాదు, సంపాదకుడు. అట్లే సర్ ఫ్రెడరిక్ ప్రైసు 1908లో ప్రకటించిన ఉదకమండల చరిత్ర గొప్ప శ్రమకు ఫలము. ఆ పట్టణపు పెద్దల యిండ్లనుగూర్చి అందు ఎంతయో తెలియును. ఆ యిండ్లలో నీళ్లు మోసినవారిని, వంట చేసినవారిని, బిడ్డల నెత్తుకొన్న ఆయాలను దెలిసికొనగోరువాడు మాత్రము రిక్తహస్తములతో మరలవలసినదే.

సమాధులకంటె మేలైన యాధారము దేవాలయపు దాఖలాపుస్తకము. బాప్తిస్మము, వివాహము, ఖననము అని మూడు విధములగు దాఖలాలందు తండ్రివృత్తియు, నివాసమును గూడ తెలియుచుండును. వీనికి నకళ్లను వ్రాయించి లండనుకు పంపుచుండిరి. అవి నేడు బ్రిటిషు గ్రంథాలయమునందలి ఇండియా కార్యాలయపు పత్రములలో నున్నవి. అన్వేషకుడు జిల్లా యెల్లలనుగూడ గమనింపవలెను. నీలగిరి ప్రత్యేకజిల్లా యైనది 1868లో. అంతకుముందు అది కోయంబత్తూరులోనిది. అందును 1830 మొదలు 1843 వఱకు కొంతభాగము మలబారులో జేరియుండెను. ఈ సంగతి నెఱుగక నీలగిరి కాగితములను మాత్రమే చూచి, “మా తాతకు ఇచ్చట భూమి లేదు” అని తేల్చువాడు తాతకును చరిత్రకును అన్యాయము చేయును.

దాఖలాపుస్తకముగూడ నిష్పక్షపాతి కాదు. పూర్వకాలపు బాప్తిస్మ దాఖలాలందు తల్లి దేశీయస్త్రీ యైనచో పలుమార్లు ఆమె పేరు కనబడదు. దేశీయస్త్రీ యనుటతో లేఖకుని పని తీరినది. తొమ్మిది నెలలు మోసి కన్న తల్లికి తన బిడ్డ దాఖలాలో పేరైనను దక్కలేదు! 1858లో ఉదకమండలమున స్థాపింపబడిన లారెన్సు శరణాలయము సైనికుల బిడ్డలను, అనాథలను బెంచినది. అదియే నేటి లవ్‌డేలు పాఠశాల. అట్టి బాలుర సంతతివారు నేడు పూర్వులను వెదకునపుడు తండ్రి పటాలము తెలియును. తల్లి ఊరు తెలియుట దుర్లభము.

ఇంకొక యుదాహరణము చూడుడు. 1860 తరువాత నీలగిరులందు సింకోనాతోటలు వేసినపుడు, మలయా తీరపు ఆంగ్లస్థావరములనుండి మదరాసుకు పంపబడిన చీనా ఖైదీలచేత నడువట్టమునందు పని చేయించిరి. విడుదలయైన పిదప వారిలో కొందఱు అచ్చటనే నిలిచి, తమిళస్త్రీలను వివాహమాడి, కూరగాయలు, కాఫీ పండించుకొని బ్రదికిరి. మదరాసు వస్తుప్రదర్శనశాలాధ్యక్షుడగు ఎడ్గారు థర్‌స్టన్ వారి బిడ్డల దేహప్రమాణములను గొలిచి, 1909 నాటి తన గ్రంథమున వారినొక మిశ్రజాతిగా వర్ణించెను. అధికారి చేతిలోని కొలబద్దకు నుదురు, ముక్కు అందినవి. ఆ దంపతులు భాష తెలియక ఒకరినొకరు ఏమని పిలిచిరో, బిడ్డలకు ఏ దేశపు జోలపాట పాడిరో అందలేదు. వంశచరిత్రకు కావలసినది ఈ రెండవదియే.

కాగితము లేనిచోట చరిత్రయే లేదందురా? దీనికి నీలగిరులే ప్రత్యుత్తర మిచ్చుచున్నవి. రివర్సు అను పండితుడు 1906లో తోడవారినిగూర్చి ప్రకటించిన గ్రంథమున 72 వంశపట్టికలు గలవు. అప్పటికి తోడవారు సుమారు 800 మంది. వారిలో నొక్కరును వంశావళిని వ్రాసికొన్నవారు గారు. అంతయు నోటిమాటనుండి కూర్చినదే. వారిలో అన్నదమ్ములు ఒకే స్త్రీని వివాహమాడు నాచార ముండెను. గర్భవతికి విల్లంబుల నిచ్చు వేడుకను ఏ భర్త జరిపిన నతడే బిడ్డకు తండ్రి. ఆంగ్లేయుల దాఖలాపుస్తకములోని ‘తండ్రి’ యను గడిలో ఇది యిముడునా? ఇమడదని గ్రహించి, ఆ ప్రజల మర్యాదనుబట్టియే బంధుత్వములను వ్రాసినందున రివర్సు కృషి నేటికిని నిలిచినది. ఆ పట్టికలనుండియే తరతరమునకు స్త్రీపురుషుల సంఖ్యను లెక్కించి, ఆడుశిశువుల హత్య యెంతవఱకు సాగెనో విచారించెను. నోటిమాట నమ్మదగినది కాదనువారు ఈ గ్రంథమును తప్పక చదువవలెను.

దీనియందును దోషము లేకపోలేదు. మృతులైన బంధువుల పేరెత్తుట తోడవారికి నిషిద్ధము. అందుచే నొక కుటుంబపు పేళ్లను ఇతర కుటుంబములవారి నోటినుండి రివర్సు రాబట్టెను. శాస్త్రమునకు లాభము కలిగినదనుట నిజమే. పరుల మౌనమును ఇట్లు దాటుటకు మనకెంత యధికారమున్నదను ప్రశ్నయు నిజమే.

బడగల యంత్యక్రియ మఱొక పాఠము నేర్పును. శవసన్నిధిని ఒక పెద్ద నిలుచుండి, మృతుడును అతని పూర్వులును చేసియుండగల పాపములను బిగ్గరగా నొక్కొక్కటిగా పేర్కొని, అవి తొలగిపోవుగాక యని ప్రార్థించును. చార్లెసు గోవర్ 1871లో ప్రకటించిన దక్షిణదేశపు జానపదగేయముల గ్రంథమున దీనిని వర్ణించెను. పూర్వుల పాపములను పదుగురిలో పలుకుట వారికి అవమానము కాదు, పితృభక్తియే.

మన మాటయో? స్థలచరిత్రలను కైఫీయతులుగా కూర్చి మెకంజీదొరకు తోడ్పడిన కావలి సోదరులు మనవారే. శ్రాద్ధమున తండ్రి, తాత, ముత్తాతలతోపాటు తల్లి, నాయనమ్మ, ఆమె యత్తగారి పేళ్లను సంకల్పమున చెప్పు సంప్రదాయమును మనకున్నది. కాని యచ్చు వేయించిన వంశవృక్షమున ఆ తల్లులే మాయమగుదురు! ఉన్నను ‘భార్య’ యని యుందురు, పుట్టింటి పేరుండదు. కూతుళ్ల కొమ్మ పెండ్లితో విఱిగిపోవును. బాలవితంతువై యింటిమూల బ్రదుకు వెళ్లబుచ్చిన మేనత్త, వర్ణాంతరము చేసికొని వెలియైన పెదతండ్రి, పెండ్లిలేక యొక స్త్రీకి కలిగిన బిడ్డలు — వీరిలో నెవ్వరికి మన వంశవృక్షమున ఆకైన నున్నది? దేశీయస్త్రీ యని వ్రాసి పేరు విడిచిన ఆంగ్లలేఖకుని నిందించుటకు మనకు నోరేది?

కుటుంబరహస్యములు బయటబెట్టిన బ్రదికియున్నవారికి నొప్పి కలుగదా యని కొందఱందురు. ఈ యాక్షేపము గౌరవింపదగినది. జీవించియున్నవారి సంగతులను వారి యనుమతి లేక ప్రకటింపరాదు. కాని మౌనము వేఱు, అసత్యము వేఱు. చెప్పరానిచో ఖాళీ విడిచి, ఇచ్చట నొక పేరు విడువబడినదని తెలుపవచ్చును. లేని సంబంధమును కల్పించి యా ఖాళీని పూడ్చరాదు.

కావున వంశచరిత్ర వ్రాయబూనువారికి మా మనవి యిది. కచేరీకి పోకముందు ఇంటిలోని వృద్ధస్త్రీలయొద్ద కూర్చుండుడు. కాగితములు కొంతకాలమైన నిలుచును, వారు నిలువరు. ప్రతి స్త్రీకిని పుట్టింటి పేరును, ఊరిని వ్రాయుడు. మీ పూర్వుల పొలము దున్నినవారిని, బిడ్డలను బెంచినవారిని దొరకినంతవఱకు పేళ్లతో స్మరింపుడు. విన్నది విన్నదిగా, చూచిన కాగితమును చూచినదిగా, సందేహమును సందేహముగా నుంచుడు. ఇట్లు వ్రాసిన చరిత్రలో వంశగౌరవము కొంత తగ్గినట్లు తోచవచ్చును. ఇంటిల్లిపాదికిని అందు చోటు దొరకును.