అందరు పిల్లలూ క్రైస్తవులయ్యే లోకం: ‘లిటిల్ హెన్రీ’ కథలో లేని బిడ్డ

పందొమ్మిదో శతాబ్దపు క్రైస్తవ ప్రచార సాహిత్యంలో తరచుగా కనిపించే ఊహ ఒకటి ఉంది. పెద్దల నమ్మకాలు గట్టిపడి ఉంటాయి కనుక వారిని కదిలించడం కష్టం. పిల్లలను మార్చగలిగితే ఒక తరం గడిచేసరికి లోకమే మారిపోతుంది. పిల్లలందరూ క్రీస్తు బిడ్డలయ్యే రోజును ఆ సాహిత్యం దూరపు స్వర్గంగా కాక, చేతికందే కార్యక్రమంగా చిత్రించింది. ఆ ఊహకు భారతదేశాన్ని రంగస్థలంగా చేసుకొన్న తొలి ప్రసిద్ధ కథల్లో మేరీ మార్తా షేర్‌వుడ్ (1775-1851) రచించిన ‘ద హిస్టరీ ఆఫ్ లిటిల్ హెన్రీ అండ్ హిజ్ బేరర్’ ఒకటి. వలసవాద భావజాలానికి ఉదాహరణగా దీనిని పేర్కొనడం విమర్శలో పరిపాటి. అది సరైనదే గాని చాలదు. పిల్లలందరినీ మార్చాలన్న ఆ కలలో ఉన్నది ఏ పిల్లలు అన్న ప్రశ్న వేస్తే కథా నిర్మాణం మరొక తీరుగా కనిపిస్తుంది.

షేర్‌వుడ్ 1805లో సైనికాధికారి అయిన భర్త వెంట ఈ దేశానికి వచ్చి, సుమారు పదకొండేళ్లు దీనాపూర్, బరహంపూర్, కాన్పూర్ వంటి కంటోన్మెంట్లలో నివసించింది. పటాలంలోని పిల్లలకు బడులు నడిపింది. బైబిలు కొత్త నిబంధనను హిందుస్తానీలోకి అనువదించిన హెన్రీ మార్టిన్‌తో ఆమెకు సన్నిహిత పరిచయం ఉంది. ఆమె బిడ్డలలో హెన్రీ, లూసీ అనే ఇద్దరు ఇక్కడే మరణించారు. ఇక్కడ ఉన్నప్పుడు రాసిన ఈ కథ 1814లో ఇంగ్లండులో అచ్చయింది. మిషనరీల రాకకు కంపెనీ పాలిత ప్రాంతాల తలుపులు తెరిచిన 1813 చార్టర్ చట్టానికి అది మరుసటి ఏడు. ఆ సమయంలో ఇంగ్లీషు పాఠకులకు కావలసిన బొమ్మను ఈ చిన్న పుస్తకం ఇచ్చింది.

కథ స్వల్పం. దీనాపూరులో పుట్టిన హెన్రీ తండ్రి కంపెనీ సైన్యంలో అధికారి. ఒక జమీందారు మట్టికోటపై దాడిలో చనిపోతాడు. ఏడాది నిండకముందే తల్లి కూడా పోతుంది. ఒక దొరసాని బాలుణ్ణి ఇంట చేర్చుకొంటుంది గాని, పెంపకమంతా బూసీ అనే బేరరుదే. అన్నం పెట్టేదీ, పక్కన పడుకొనేదీ, జ్వరం వస్తే మేలుకొనేదీ అతడే. హెన్రీకి వచ్చిన భాష హిందుస్తానీ ఒక్కటే. అయిదేళ్లు దాటాక ఇంగ్లండు నుంచి వచ్చిన ఒక యువతి అతనికి ఇంగ్లీషునూ బైబిలునూ కలిపి నేర్పుతుంది. ఆపైన బాలుడు బూసీని మార్చడానికి పూనుకొంటాడు. ఎనిమిదేళ్ల ఏడు నెలల వయసులో మరణిస్తాడు. ఆ మరణం తరువాత బూసీ కులం వదులుకొని, క్రైస్తవుడై, జాన్ అనే పేరు పొందుతాడు.

ఈ కథలో పేరుతో, మాటతో, నిర్ణయంతో కనిపించే భారతీయ బాలుడు గాని బాలిక గాని లేరు. పిల్లల ద్వారా దేశాన్ని మార్చే కథలో ఈ దేశపు పిల్లలే లేకపోవడం కేవలం రచయిత్రి అనుభవ పరిమితి వల్ల జరిగిందని సరిపెట్టుకోవచ్చు. కంటోన్మెంటు బంగళాలో ఆమెకు దగ్గరగా కనిపించినది నౌకర్లే కదా. కానీ కథకు ఆ లోపం అవసరం కూడా. భారతీయ బిడ్డ వస్తే వెంట తల్లి వస్తుంది, తండ్రి వస్తాడు, ఈ బిడ్డ ఎవరి బిడ్డ అన్న తగవు వస్తుంది. హెన్రీ అనాథ కనుక ఆ తగవు లేదు. బూసీ పెద్దవాడు కనుక అతని కోసం తగవు పడేవారు లేరు. పైగా బాలుడు బోధించగా పెద్దవాడు నేర్చుకొనే ఈ అమరికలో బిడ్డ స్థానంలోకి బూసీయే జారిపోతాడు. మార్చవలసిన ‘పిల్లవాడు’ చివరకు నెరిసిన అనుభవమున్న నౌకరే.

ఈ జారుడుకు ఆంగ్లో-ఇండియన్ భాషలోనే సిద్ధమైన దారి ఉంది. బంగాళా ప్రాంతపు ఇంగ్లీషులో బేరర్ అంటే మొదట పల్లకి మోసేవాడు, తరువాత ఇంటి నౌకరు. దక్షిణాదిన అదే మనిషికి వాడిన మాట ‘బాయ్’. 1886లో వెలువడిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు, పల్లకీ మోసేవాడన్న అర్థంలో ఈ మాటకు తెలుగు, మలయాళాల్లోని ‘బోయి’ మూలమని చెప్పింది. మన బోయీ వారి చెవిలో బాయ్ అయినప్పుడు ఒక వృత్తినామం వయసును సూచించే మాటలో కలిసిపోయింది. అరవై ఏళ్ల మనిషి సైతం దొరల ఇంట కుర్రవాడే. షేర్‌వుడ్ ఈ మాటను ఆధారం చేసుకోలేదు. కానీ ఆమె కథ నిలబడినది ఆ మాట వెనుక ఉన్న అలవాటు మీదనే.

అయినా బూసీ ఉత్త బొమ్మ కాదు. వాగులూ నదులూ ఎన్ని ఉన్నా సముద్రంలోనే కలిసినట్లు అన్ని మతాలూ దైవాన్నే చేరుస్తాయని అతడు వాదిస్తాడు. కథకురాలి దృష్టిలో అది తప్పుడు వాదమే. అయితే దానిని ఓడించడానికి కథ తర్కాన్ని నమ్ముకోలేదు. బూసీ మారేది వాదంలో ఓడి కాదు, పెంచిన బిడ్డను పోగొట్టుకొని. పుస్తకంలో అత్యంత సత్యమైన అంశం అతని ప్రేమే. ఆ ప్రేమనే అతని మతాంతరీకరణకు సాధనంగా వాడడం పుస్తకంలోని అత్యంత క్రూరమైన అంశం. పెంచిన చేతికి దుఃఖించే హక్కు కూడా విడిగా మిగలలేదు. ఆ దుఃఖం కూడా మతం మార్చుకోవలసి వచ్చింది. అదే సమయంలో, బిడ్డలను ఈ నేలలో పూడ్చిన ఒక తల్లి, ఆ చావుకు ఫలం ఉండాలని కోరుకోవడం కూడా ఇందులో వినిపిస్తుంది. విమర్శ ఈ రెంటిలో ఒకదానిని దాచిపెట్టి రెండోదానిని చూపడం న్యాయం కాదు.

కథ ముగింపులో రచయిత్రి భారతదేశంలోని చిన్నపిల్లలను నేరుగా సంబోధిస్తుంది. హెన్రీని తలచుకొని మీరూ అట్లే చేయండని వారికి చెబుతుంది. ఇంగ్లీషులో చదివినప్పుడు ఈ పిల్లలు బంగళాల్లోని ఇంగ్లీషు పిల్లలే. ఇంట నౌకరున్నవారే అట్లా చేయగలరు. అదే వాక్యాన్ని ఒక భారతీయ భాషలోకి మార్చితే దాని అర్థం తలకిందులవుతుంది. ఈ కథ హిందుస్తానీలోకి కూడా వెళ్లింది. అప్పుడు ఎదురుగా కూర్చొని వినే బిడ్డ ఎవరిని మార్చాలి? మార్చడానికి ఆ బిడ్డకు బేరరు లేడు; ఉన్నది తల్లీ తండ్రీ. కథలో లేకుండా చేసిన తగవు అనువాదంతో తిరిగి ఇంట్లోకి వచ్చింది.

ఆ తగవు వాస్తవంలో ఎట్లా ఉంటుందో తెలుగు నేల మీద చూడవచ్చు. రాబర్ట్ నోబుల్ 1843లో మచిలీపట్నంలో స్థాపించిన బడి అగ్రవర్ణాల పిల్లలను ఉద్దేశించినది. అంటరానివారిగా చూసిన కులాల పిల్లలను ఆయన చాలాకాలం చేర్చుకోలేదు. 1852లో ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మం పొందగానే తల్లిదండ్రులు తమ పిల్లలను మానిపించారు, బడి దాదాపు ఖాళీ అయింది. హెన్రీ కథలో ఒక మతాంతరీకరణ ఒక మరణశయ్య చుట్టూ నిశ్శబ్దంగా ముగుస్తుంది. మచిలీపట్నంలో అదే విషయం ఊరి తగవైంది.

ఒంగోలు ప్రాంతంలో జరిగినది ఇంకా భిన్నం. అక్కడి ఉద్యమానికి ఆరంభం బాలుడూ కాదు, బంగళా కూడా కాదు. 1866లో క్రైస్తవుడైన మాదిగ పెద్దమనిషి యెర్రగుంట్ల పేరయ్య. 1876-78 కరవు తరువాత, 1878 జులై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. జాన్ క్లౌ ప్రతినిధిగా ఉన్న ఆ మిషను బాప్టిస్టులది. సొంత నోటితో విశ్వాసం ఒప్పుకొన్నవారికే తప్ప పసిబిడ్డలకు వారు బాప్తిస్మం ఇవ్వరు. అంటే ‘పిల్లలందరూ క్రైస్తవులు’ అన్న మాట ఆ నది ఒడ్డున సిద్ధాంతరీత్యానే చెల్లదు. తల్లిదండ్రులు ముందు నీళ్లలోకి దిగారు. పిల్లలు వారి చేయి పట్టుకొని బడికి వెళ్లారు. కులం పెట్టిన అవమానం నుంచి బయటపడే నిర్ణయం పెద్దలది. బూసీకి కులం పోవడం త్యాగంగా చూపిన రచయిత్రికి, కులం పోవడమే లాభమైన మనుషులు ఊహకు అందలేదు. ఆమె చూసిన భారతదేశంలో వారు లేరనడం కుదరదు, వారు ఆమె వరండా దాకా రాలేదు, అంతే.

పెద్దలను మార్చి మరణించే పవిత్ర శిశువు తరువాత అమెరికాకు కూడా వెళ్లింది. హారియెట్ బీచర్ స్టో 1852 నాటి ‘అంకుల్ టామ్స్ కాబిన్’లో ఈవా పాత్రకు హెన్రీతో ఉన్న పోలికను విమర్శకులు గుర్తించారు. అయితే స్టో ఈవా పక్కన టాప్సీ అనే నల్లజాతి బాలికను నిలిపింది. ఆ బాలిక చిత్రణలో లోపాలు చాలా ఉన్నాయి, కానీ ఆమె ఉంది, మాట్లాడుతుంది, మొండికేస్తుంది. షేర్‌వుడ్ కథలో అటువంటి స్థలం ఎక్కడా కేటాయించలేదు.

కాలక్రమంలో షేర్‌వుడ్ రచనల్లో మత కాఠిన్యం కొంత సడలింది. తొలి కథ వెలువడిన 28 ఏళ్లకు, 1842లో, ఆమె మళ్లీ ఈ కథవైపు తిరిగింది. ఈసారి రాసినది మరో పవిత్ర శిశువు గురించి కాదు. ‘ద లాస్ట్ డేస్ ఆఫ్ బూసీ, ద బేరర్ ఆఫ్ లిటిల్ హెన్రీ’ అని పేరు పెట్టింది. మొదటి పుస్తకం పేరులో హెన్రీ వెనుక పేరు కూడా లేకుండా నడిచిన బేరరు ఇక్కడ సొంత పేరుతో ముందు నిలిచాడు; హెన్రీ అతని గుర్తుగా మిగిలాడు.