మూడు నక్షత్రాల దగ్గర క్యూ

రాక్ క్లైంబింగ్ గైడ్‌బుక్కులో రూటు పేరు పక్కన రెండు గుర్తులుంటాయి. గ్రేడు ఎంత కష్టమో చెబుతుంది, నక్షత్రాలు ఎంత బాగుంటుందో చెబుతాయి. గ్రేడు మీద క్లైంబర్లు రాత్రి పొద్దుపోయేదాకా వాదించుకుంటారు. నక్షత్రాల మీద అంత పట్టింపు కనిపించదు. నా మటుకు నాకు అసలు వాదించాల్సింది వాటి మీదే అనిపిస్తుంది. కొండ దగ్గర కారు దిగినవాళ్లు ఏ రాయి వైపు నడవాలో చాలాసార్లు నిర్ణయించేది అవే.

ఇంగ్లండ్‌లో షెఫీల్డ్ ఊరికి పడమరన స్టానేజ్ ఎడ్జ్ ఉంది. గరుకైన గ్రిట్‌స్టోన్ గోడ అది, సుమారు ఆరు కిలోమీటర్ల పొడవు, వెయ్యికి పైగా రూట్లు. ఎండ కాసిన ఆదివారం అక్కడ నక్షత్రాలతో పేరుపడ్డ రూట్ల కింద తాళ్లు పరుచుకుని జనం వంతు కోసం కూర్చుంటారు. 1949లో జో బ్రౌన్ ఎక్కిన రైట్ అన్‌కాంకరబుల్ అలాంటిదే, ఆ పేరు దానికి దక్కాల్సిందే. కానీ అదే గోడ వెంట కాస్త నడిస్తే, అంతే చక్కని చీలికలు ఎవరి చెయ్యీ పడకుండా ఉంటాయి.

నక్షత్రాలు ఇచ్చేశాక జరిగేదే నన్ను కలవరపెడుతుంది. నక్షత్రం వచ్చిన రూటు మీద ఏటా వేల చేతులు, బూట్లు పడతాయి. పాచి ఊడిపోతుంది, వదులు రాళ్లు రాలిపోతాయి, పట్టు ఎక్కడుందో చాక్ పొడి మరకలే చూపిస్తాయి. నక్షత్రం లేని రూటులో చీలిక నిండా మట్టి చేరుతుంది, ఫెర్న్ మొలుస్తుంది, నీడపట్టున ఉంటే రాయంతా పచ్చగా మారుతుంది. కొత్త ఎడిషన్ రాసేవారు వచ్చి చూసి, ఇది మురికిగా ఉందని మళ్లీ నక్షత్రం ఇవ్వరు. మొదటి తీర్పు తనకు కావలసిన సాక్ష్యాన్ని తానే తయారుచేసుకుంటుంది. అటు జనం మితిమీరితే మంచి రూటూ పాడవుతుంది. సున్నపురాయి మీద ఇది మరీ త్వరగా జరుగుతుంది, స్టానేజ్ ఉన్న పీక్ డిస్ట్రిక్ట్ ప్రాంతంలోనే స్టోనీ మిడిల్టన్‌లో పాత రూట్ల పట్లు అద్దంలా నునుపెక్కిపోయాయి.

అమెరికాలో స్టీవ్ రోపర్, అలెన్ స్టెక్ 1979లో ఉత్తర అమెరికా కొండల్లోంచి 50 క్లాసిక్ రూట్లు ఏరి పుస్తకం వేశారు. జనం ఎగబడడంతో అవి 50 రద్దీ రూట్లని క్లైంబర్లే పేరు మార్చేశారు. అయితే ఆ జాబితాలోనే కెనడాలోని మౌంట్ లోగన్ మీది హమ్మింగ్‌బర్డ్ రిడ్జ్ కూడా ఉంది. 1965లో దాన్ని మొదట ఎక్కిన జట్టులో స్టెక్ ఉన్నాడు. మొదలు నుంచి చివరి దాకా ఆ దారిని మళ్లీ ఎవరూ పూర్తిచేయలేదు. అంటే కీర్తి ఒక్కటే జనాన్ని లాగదు, అందుబాటు గ్రేడు తోడవ్వాలి. అందుకే నక్షత్రాల ప్రభావమంతా తేలిక, మధ్యరకం రూట్ల మీద పడుతుంది. అక్కడుండేది ఎక్కువగా కొత్తవాళ్లు, రాయిని చూసి సొంతంగా అంచనా వేసే అలవాటు ఇంకా పడనివాళ్లు.

పైగా పుస్తకం రాసేవారు సాధారణంగా ఆరితేరినవాళ్లు. ఇరవై అడుగుల తేలిక చీలిక వాళ్లకు రెండు నిమిషాల పని, దాన్ని ఒక మాటతో దాటేస్తారు. మొదటిసారి తాడు ముందుండి ఎక్కే మనిషికి ఆ చీలికే ఒక లోకం. చెయ్యి ఎక్కడ ఇరుకుతుందో, కాలు ఎక్కడ నిలుస్తుందో ప్రతి అడుగూ కొత్తే. ఆ అనుభవానికి నక్షత్రం ఇచ్చేదెవరు?

ఒక్కరోజు సెలవు పెట్టుకుని దూరం నుంచి వచ్చినవాళ్లకు నక్షత్రాలు మేలే చేస్తాయి, కాదనను. నేను మాత్రం పేజీ తెరిచాక వాటిని వేలితో కప్పి వర్ణనే చదువుతాను. చీలిక వెడల్పెంత, ఎండ ఎప్పుడు వస్తుంది, గేర్ ఎక్కడ పెట్టాలి, దిగే దారేది. ఇవి తెలిస్తే రూటు నాకు తగునో లేదో నేనే తేల్చుకోగలను.

మన దగ్గరా రాయికి కొదవలేదు. 2014లో ఎవరెస్టు ఎక్కిన మలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ తొలి పాఠాలు నేర్చింది భువనగిరి గుట్ట మీదే. మన గుట్టలకు గైడ్‌బుక్ రాయబోయేవారికి ఒక విన్నపం: వర్ణన వివరంగా రాయండి, నక్షత్రాల్ని కొన్నేళ్లు ఆపండి. రకరకాల శక్తి ఉన్నవాళ్లు ఎక్కి చెప్పాక ఇవ్వండి. ఎక్కేవారికి మరొకటి: ఈసారి వెళ్లినప్పుడు నక్షత్రం లేని రూటు ఒకటి ఎంచుకోండి. హెల్మెట్ పెట్టుకోండి, మెత్తని బ్రష్ తీసుకెళ్లండి. వైర్ బ్రష్ వద్దు, అది రాతినే అరగదీస్తుంది.