వైజ్ఞానిక కల్పనలు – ఆటిజం గల పాఠకులు

ఇంటికి వచ్చిన బంధువు సెలవు తీసికొనుచు ‘వెళ్ళివస్తాను’ అనును. అనినంత మాత్రమున వెంటనే తిరిగి రాడని ఎవరును పిల్లలకు బోధింపరు. పెక్కుమంది పిల్లలు దానిని తామే గ్రహింతురు. ఆటిజం గల పిల్లలలో కొందరు ఆ మాటను ఉన్నదున్నట్లు తీసికొని ఎదురుచూడవచ్చును.

ఆటిజం రోగము కాదు. మెదడు ఎదుగుదలలో కలుగు భేదము. 1943లో అమెరికాలో లియో కానర్, 1944లో వియన్నాలో హాన్స్ ఆస్పెర్గర్ దీనినిగూర్చి వ్రాసిరి. నోటితో చెప్పని లోకమర్యాదలను ఊహించి తెలిసికొనుట ఇట్టివారిలో అనేకులకు కష్టము. అందరును కాకున్నను, వీరిలో పలువురు వైజ్ఞానిక కల్పనలను మిక్కిలి ఇష్టపడుదురు. ఏల?

మనుష్యులకన్న యంత్రములే వారికి ప్రియములని కొందరు చెప్పుదురు. ఈ సమాధానము చాలదు. సాంఘిక నవల తన లోకము పాఠకునికి ముందే తెలియునని తలచును. వైజ్ఞానిక కల్పనకు ఆ వీలు లేదు. వేరొక గ్రహమున పలకరింపు ఎట్లుండునో, ఏది తప్పో, ఏది ఒప్పో రచయిత తెలియజేయవలసినదే. అచ్చట పాఠకులందరును క్రొత్తవారే. పైగా, అక్కడి ఆచారములను గమనించి నేర్చుకొను అపరిచితుడే తరచు కథానాయకుడు.

1987 నుండి 1994 వరకు ప్రసారమైన ‘స్టార్ ట్రెక్: ది నెక్స్ట్ జనరేషన్’ అను టెలివిజన్ ధారావాహికలోని డేటా అట్టివాడు. అతడు నరరూప యంత్రము. ఆటిజం గల పశుశాస్త్రజ్ఞురాలు టెంపుల్ గ్రాండిన్ ఈ పాత్రలో తన పోలికను చూచుకొనిరి. కాని ఇందొక చిక్కు కలదు. డేటాకు ఉద్వేగములు లేవు. మనుష్యుడు కావలెననునదే అతని కోరిక. ఆటిజం గలవారికి ఉద్వేగములు లేవనుట సత్యము కాదు. ఇతరులవలె మారినగాని పూర్ణమానవుడు కాడను భావము పిల్లల మనస్సున నాటుకొనిన హాని కలుగును.

ఎలిజబెత్ మూన్ నవల ‘ది స్పీడ్ ఆఫ్ డార్క్’ 2003వ సంవత్సరపు నెబ్యులా బహుమతి పొందినది. ఇందలి నాయకుడు లూ ఆటిజం గలవాడు. అతడు చికిత్సకు అంగీకరించి, కోరుకొన్న అంతరిక్షయానమును సాధించును; పూర్వపు అనురాగమును కోలుపోవును. లాభనష్టములు రెంటిని చూపుట ఈ నవలలోని నిజాయితీ. అయినను ఆకాశమునకు దారి చికిత్స గుండానే పోవుట కలత కలిగించును.

మార్తా వెల్స్ 2017లో ప్రకటించిన ‘ఆల్ సిస్టమ్స్ రెడ్’ వేరు దారి త్రొక్కినది. ఇందలి మర్డర్‌బాట్ సగము యంత్రము, సగము జీవకణజాలము. ఇతరులు తన ముఖము చూచుట దానికి గిట్టదు. తీరిక దొరికిన ధారావాహికలు చూచును. మనుష్యుడు కావలెనని కోరదు. అయినను తనవారిని ప్రాణమొడ్డి కాపాడును. ఆటిజం గల పాఠకులు పలువురు దానిని తమవానిగా ఎంచుటలో వింత లేదు. మారకయే అది ఆదరము పొందినది.

ఆటిజం గల బ్రిటిష్ సామాజిక శాస్త్రవేత్త డేమియన్ మిల్టన్ 2012లో ఒక సంగతి చెప్పిరి: ఆటిజం గలవారు ఇతరులను గ్రహింపలేకపోవుటయే కాదు, ఇతరులును వారిని గ్రహింపలేకున్నారు. మంచి వైజ్ఞానిక కల్పన ఈ రెండవ సగమును నేర్పును. నక్షత్రనౌకలను గూర్చి అదేపనిగా మాట్లాడు విద్యార్థిని ఉపాధ్యాయుడు వారింపక, ఆ లోకపు నియమములేవో అడుగవచ్చును. పిదప తరగతి నియమములను సైతము అంత స్పష్టముగా విప్పి చెప్పవచ్చును.