దుర్గంధం ఒక్కటే వస్తువా?

మ్యాన్‌హోల్‌లో మరణించిన కార్మికుడి మీద మనకు కవిత్వం వస్తోంది. రావలసిందే. అయితే అందులో ఎక్కువ భాగం దుర్గంధమనే ఒకే పదచిత్రం చుట్టూ తిరుగుతోంది. కవి మురుగు కంపును వర్ణిస్తాడు. దాన్ని భరించిన మనిషికి చేతులు జోడిస్తాడు. సమాజాన్ని శపిస్తాడు. ఈ సానుభూతిని శంకించనక్కరలేదు. అది వాస్తవాన్ని ఎంతవరకు పట్టుకున్నదన్నదే ప్రశ్న.

మురుగులో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ కొద్ది మోతాదులో కుళ్ళిన గుడ్ల వాసన వేస్తుంది. గాలిలో పది లక్షల పాళ్ళకు సుమారు 100 పాళ్ళు చేరేసరికి ముక్కు మొద్దుబారి, ఆ వాసనే తెలియకుండా పోతుంది. కంపు తగ్గిందనుకున్న క్షణమే అసలు ప్రమాద క్షణం. అంటే మన కవిత ఆగిపోయిన చోటే కార్మికుడి మృత్యువు మొదలవుతోంది.

రెండవ లోపం త్యాగాన్ని కీర్తించడం. 2016 ఆగస్టులో మాదాపూర్ మ్యాన్‌హోల్‌లో ముగ్గురు కార్మికులతోపాటు, వారిని కాపాడబోయిన డ్రైవరూ చనిపోయాడు. అతణ్ణి అమరుణ్ణి చేయడం సులువు. ముందు మూతలు తెరిచి గాలి ఆడనివ్వడం, లోపలి గాలిని పరికరంతో పరీక్షించడం, నడుముకు తాడు, పైన కాపలా మనిషి, శ్వాస పరికరం లేకుండా కాపాడటానికైనా దిగకపోవడం — ఇవన్నీ ఎవరి బాధ్యత అని నిలదీయడం కష్టం. కార్యకారణాలను వదిలిన కరుణ, యజమానిని వదిలి విధిని తిడుతుంది.

అభ్యుదయ రచయితల ఉద్యమానికి ఆద్యుల్లో ఒకడైన ముల్క్‌రాజ్ ఆనంద్, 1935 నాటి 'అన్‌టచబుల్' నవల చివర ఫ్లష్ యంత్రాన్ని పాకీపనివారి విముక్తికి ఒక దారిగా చూపాడు. యంత్రం వచ్చింది. గంప మోసిన మనిషి గొట్టంలోకి దిగాడు. తప్పు యంత్రానిది కాదు. కులాన్నీ కూలి సంబంధాలనూ కదిలించకుండా యంత్రం ఒక్కటే విముక్తి తేలేదు. 2017లో హైదరాబాద్ జలమండలి ఇరుకు సందుల కోసం 70 చిన్న యంత్రాలను రంగంలోకి దించింది. అయినా 2021 ఆగస్టులో సాహెబ్‌నగర్‌లో రాత్రిపూట మ్యాన్‌హోల్‌లోకి దిగిన ఇద్దరు కార్మికులు ప్రాణాలు కోల్పోయారు.

రక్షణ సాధనాలు లేకుండా మురుగుకాలువలోకి దింపడాన్ని 2013 చట్టం నిషేధించింది. ఇలాంటి మరణానికి సుప్రీంకోర్టు 2014లో 10 లక్షలు, 2023లో 30 లక్షల రూపాయల పరిహారం నిర్ణయించింది. పరిహారం పెరగడం న్యాయమే. మరణం ఆగడం వేరే సంగతి.

ఎలక్ట్రానిక్ పరికరాలు తయారుచేసే ఈసీఐఎల్ చౌరస్తా నుంచి కాప్రా చెరువు దాకా నడిచే రచయిత ఎన్ని మ్యాన్‌హోల్ మూతల మీద అడుగు వేస్తాడో లెక్కపెట్టుకోవాలి. ఆ మూత తెరిచినప్పుడు గాలిని ఎవరు పరీక్షించారు, తాడు కొస ఎవరి చేతిలో ఉంది, పనికి పంపిందెవరు — ఈ వివరాలు సాంకేతిక విషయాలని పక్కన పెట్టరాదు. వర్గసంబంధాలు కంటికి కనిపించేది వాటిలోనే. అవి లేని కవితలో కన్నీరు ఉండవచ్చు. కార్మికుడు మాత్రం ఉండడు.