పాత పాన్పు, క్రొత్త మోజు

గృహాలంకారము అల్పవిషయమని కొందరి అభిప్రాయము. మేము దానితో ఏకీభవింపజాలము. ఇంటికి వచ్చిన అతిథి మన మాట వినుటకు ముందే మనము చూపిన ఆసనమును చూచును. దానినిబట్టి మన అభిరుచిని మాత్రమే గాక, మన జ్ఞాపకమును గూడ అంచనా వేయును. ఇటీవల మన కుటుంబములలో కొందరికి పాతకాలపు పగటి పాన్పు నొకదానిని ముందుగదిలో వేసికొనవలెనను కోరిక కలుగుచున్నది. రాబర్ట్‌సన్‌పేటలో ఈ కోరికకు ప్రత్యేకమైన అర్థ మొకటి కలదు. అందుచే దీనిని కొంచెము విమర్శించి చూచుట మంచిదని తలచితిమి.

పగటి పాన్పనగా రాత్రి నిద్రకు గాక, పగటివేళ కాసేపు నడుము వాల్చుటకును, నలుగురు వచ్చినప్పుడు కూర్చుండుటకును పనికివచ్చు మంచము. అంగళ్ళలో దివాన్ కాట్ అని అమ్మునది దాని నేటి రూపమే. ఇది కేవలము పరదేశపు వస్తువని భ్రమపడనక్కరలేదు. అల్లసాని పెద్దన చెప్పినదని ప్రసిద్ధికెక్కిన చాటుపద్య మొకటి, కావ్యరచనకు కవి కోరు వసతులలో ఊయెలమంచమును గూడ లెక్కించినది. మన పెద్దల పట్టెమంచము పగలు కూర్చుండు బల్లగాను, రాత్రి పడకగాను రెండు విధముల ఉపకరించెడిది. పశ్చిమదేశములలో ప్రాచీన రోమనులు విందులయందు పాన్పులపై ఒరిగి భుజించెడివారు. 1800లో ఫ్రెంచి చిత్రకారుడు డేవిడ్ మదామ్ రెకామియేను ఒక పాన్పుపై ఒరిగియున్నట్లు చిత్రింపగా, ఆ ఆకారపు పాన్పునకు ఆమె పేరే నిలిచిపోయినది. 1930లో మీస్ వాన్ డెర్ రో అను జర్మను వాస్తుశిల్పి నగిషీ యేమియు లేని పాన్పును రూపొందించెను. దేశములు వేరైనను వీటన్నిటి వెనుక నున్న భావ మొక్కటే: తీరిక.

ఆ తీరిక యెవరిది అను ప్రశ్న మన యూరిలో తప్పించుకొనరానిది. 1880లో జాన్ టేలర్ సంస్థ ఇచ్చటి గనుల నిర్వహణమునకు పూనుకొన్న పిమ్మట ఆంగ్లేయ అధికారుల బంగళాలు వెలసినవి. ఈ ప్రాంతమునకు 'చిన్న ఇంగ్లండు' అను పేరు వచ్చినది. 1902లో శివనసముద్రము నుండి విద్యుచ్ఛక్తి గనులకు చేరినది. ఆ కాలపు దొరల బంగళా వసారాలకు పేము అల్లిన పాన్పును, కాళ్ళు చాపుకొనుటకు వీలుగా చేతులు పొడుగైన వాలుకుర్చీయు అలవాటైన అలంకారములు.

ఆ కాలముననే కార్మికుల లైన్లలో వెదురు తడికల యిండ్లుండెడివి. గని షిఫ్టులలో నడచెడిది. రాత్రి షిఫ్టు ముగించి పైకి వచ్చినవానికి పగలే రాత్రి. చాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్లకు మించిన లోతునకు దిగినది. అంత లోతున, అంత వేడిలో పనిచేసి వచ్చిన మనిషి, ఉన్న ఒక్కగదిలో, పొయ్యి ప్రక్కన, చాపమీదనో నులకమంచము మీదనో పగలు కన్ను మూయవలెను. అతని నిద్ర చెడకుండ ఇల్లాలు గిన్నెల చప్పుడు కానీయదు. పిల్లలను వీధిలోనికి తరుమును.

కావున ఈ యూరిలో పగటి పడకలు రెండు రకములు: ఒకటి తీరికది, రెండవది అలసటది. మొదటిది నేడు అంగడిలో పురావస్తువై వెల పెంచుకొన్నది. రెండవది ఏనాడో పొయ్యిలో కట్టె యైనది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడిన తరువాత మొదటిదానిని వెదకువారే గాని, రెండవదానిని తలచువారు అరుదు. మా విమర్శ యంతయు ఇచ్చటనే యున్నది.

బంగళా పాన్పును కొనుట తప్పని మేమనము. దానిపై దొర పవళించియుండవచ్చును గాని, దానిని మలచిన చేయి తరచుగా ఈ దేశపు వడ్రంగిదే. అయితే కొనువారు కన్నులు తెరచి కొనవలెను. ముందుగా పాన్పును తలక్రిందులు చేసి చూడవలెను. పైభాగమునకు మెరుగు పెట్టి మాయ చేయవచ్చును. అడుగుభాగము అంత సులభముగా అబద్ధమాడదు. చేతి చిత్రిక పట్టిన చెక్క వ్రేళ్ళకు కొంచెము ఎగుడుదిగుడుగా తగులును. తరిమెన పట్టిన నాలుగు కోళ్ళును అచ్చు గ్రుద్దినట్లు ఒక్కరీతిగా నున్నచో యంత్రమును అనుమానింపవలెను. పట్టె కొనను కోడి బెజ్జములో దిగగొట్టి కొయ్యమేకుతో బిగించిన అతుకు మంచి పనికి గుర్తు. తలపై కూడికగుర్తు గల మరలు 1930 దశకమునకు పిమ్మట వ్యాప్తికి వచ్చినవి. అంతకు పూర్వపు పాన్పని చెప్పినదానిలో అవి కనబడినచో అది మరమ్మతు చేసినదో, క్రొత్తదో అయియుండవలెను. అరుగుదలయు చేయి ఆనుచోట, మడమ తగులుచోట ఉండవలెను. అన్ని ప్రక్కల సమానముగా అరిగినది ఆకురాయి చేసిన ముసలితనము.

చెక్క టేకైనను జిట్రేగియైనను, చిన్న రంధ్రముల నుండి క్రొత్త పొడి రాలుచున్నచో పురుగు ఇంకను లోపల సజీవముగా నున్నదని యెరుగవలెను. పేము అల్లిక క్రొత్తదైనంతమాత్రమున లోపము కాదు. అది నవారువలె కాలానుసారముగా మార్చుకొనవలసినదే. పాత లక్కమెరుగును గీకివేసి అద్దమువలె మెరిపించుట మాత్రము పెద్ద అపచారము. ఎత్తు పదునారు మొదలు పదునెనిమిది అంగుళముల లోపల నున్నచో వృద్ధులు పాదములు నేల నాన్చి లేవగలుగుదురు. మన యిండ్ల వాకిండ్లు ఇరుకు. బేరమునకు ముందు ద్వారమును కొలుచుకొనుట వివేకము.

పాతదంతయు పురావస్తువు కాదు. 1972 నాటి కేంద్రశాసనము ఇట్టి వస్తువులకు కనీసము 100 సంవత్సరముల వయస్సు విధించినది; అట్టివానిని విదేశమునకు పంపుటపై నిర్బంధములున్నవి. 2017 నుండి జిట్రేగి కలపకు అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ గూడ తోడైనది. సముద్రముల కావల నున్న బిడ్డలకు పంపదలచిన తల్లిదండ్రులు ఈ సంగతి తెలిసికొనుట మేలు.

ఇంతకంటె ముఖ్యమైన సంగతి యొకటి మిగిలినది. బెంగళూరులోనో కారైకుడిలోనో ఎవరి తాతగారి పాన్పునకో వేలు పోయుచు, మన తాతగారి పట్టెమంచమును పాతసామానువానికి తూకమున కప్పగించుట అభిరుచి యనిపించుకొనదు. అది వంశమును అమ్మి వంశవృక్షమును కొనుటవంటిది. అటుకపై విప్పి పెట్టిన కోళ్ళు, పట్టెలు ఉన్నచో ముందుగా వానిని దింపి వడ్రంగికి చూపింపవలెను. నగిషీ లేకపోవచ్చును; కాని అది ఎవరి అలసట తీర్చినదో చెప్పగలవారు ఇంట ఇంకను ఒకరిద్దరు ఉందురు. అంగడిలోని పాన్పునకు ఆ సాక్షులు లేరు.

కావున మా తీర్పు ఇది. ఇంటనున్నది బాగుపడునదైనచో దానినే బాగుచేయించుకొనుడు. లేనప్పుడు కొనుడు, కాని చూపునకు గాక వాడుకకు కొనుడు. ఎవ్వరును కూర్చుండరాదని త్రాడు కట్టి యుంచు పాన్పు వస్తుప్రదర్శనశాలలో శోభించును గాని సంసారములో శోభింపదు. మధ్యాహ్నము భోజనానంతరము ఇంటి పెద్ద దానిపై నిశ్చింతగా కన్ను మూయగలిగినచో, ఈ యూరిలో చాలమందికి దొరకని తీరిక వారి సంతతివారికైనను దొరకినట్లగును. ఆ పాన్పు వెల అప్పుడు దండుగ కాదు.